రెండో కాన్పుకు కూతుర్ని పుట్టింటికి తెచ్చుకోవాలా, అత్తింట్లోనే ఉంచాలా?

ఉదయగిరి ప్రాంతం నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆవిడకు నలభై ఎనిమిదేళ్ళు. రెండెకరాల మెట్ట, నాలుగు గేదెలు ఉన్నాయి. ఒక్కగానొక్క కూతుర్ని ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద పనిచేసే అబ్బాయికి ఇచ్చి పెళ్ళి చేశారు. మూడేళ్ళ కిందట తొలి కాన్పుకు ఆనవాయితీ ప్రకారం ఏడో నెలలో అమ్మాయిని ఇంటికి తెచ్చుకున్నారు. తొమ్మిదో నెలలో కాళ్ళకు నీరు పట్టింది. బీపీ కాస్త ఎక్కువగా ఉంది, ఉప్పు తగ్గించమన్నారు. దగ్గరి పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్‌లో మామూలు కాన్పే అయి, రెండు కిలోల వంద గ్రాముల ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు పొద్దున ఇంటికి పంపేస్తూ కుట్లకు మందూ బలానికి మాత్రలూ ఇచ్చారు గాని, బీపీ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆరో రోజు సాయంత్రం అమ్మాయికి తలనొప్పి పట్టుకుంది, కళ్ళ ముందు మసకగా ఉందన్నది. బాలింతకు చలిగాలి తగిలిందనుకుని తలకు గుడ్డ బిగించి, తలుపులు మూసి సాంబ్రాణి వేశారు. దాహమంటే పొట్ట పెరుగుతుందని గుక్కెడే పోశారు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. చేతిలో తాళాలగుత్తి పెట్టారు, మంత్రించే మనిషిని పిలిపించారు, 108కి ఫోను చేసేసరికి మూడు గంటలు గడిచిపోయాయి. ఉదయగిరిలో చూసి నెల్లూరుకు పంపితే, అక్కడ నాలుగు రోజులు ఐసీయూలో ఉండి అమ్మాయి బతికి బయటపడింది. ఆ నాలుగు రోజులూ పసిబిడ్డ ఊళ్ళోనే నీళ్ళు కలిపిన గేదెపాల మీద ఉంది.

ఇప్పుడు అమ్మాయికి మళ్ళీ ఏడో నెల. "ఒకసారి మీ చేతుల్లో పెడితే శవం చేసి పంపబోయారు, ఈసారి గడప దాటనివ్వం" అన్నారట వియ్యపురాలు. ఇప్పటిదాకా రెండుసార్లే పరీక్షకు తీసుకెళ్ళారు. రక్తం 8.6 గ్రాములు ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతోందని అమ్మాయి, బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారు, ఇద్దరూ కలిసి వాటిని మాన్పించేశారు. అల్లుడు రాత్రిళ్ళు గుంటల దగ్గర కాపలాకు పోతాడు. ఇంట్లో మాట మామగారిది. ఆ రోజు తప్పు నాదేనా, ఇప్పుడు గొడవపడైనా తెచ్చుకోనా, తల్లి ఉండీ పురుడు పొయ్యలేదని ఊరు అంటే ఏం చెప్పను అని ఆవిడ అడుగుతున్నారు. ఉత్తరం చివర రెండు చిన్న సంగతులు ఉన్నాయి. నెల్లూరు ఆసుపత్రి కాగితాలు ట్రంకుపెట్టెలోనే ఉన్నాయట, వాటిని తియ్యాలంటే భయమట. అమ్మాయి ఈ విషయంలో ఏమీ మాట్లాడదట. తొలి కాన్పు తర్వాత రెండు మూడు నెలలు బిడ్డను ఎత్తుకోకుండా గోడవైపు చూస్తూ పడుకునేదట, తర్వాత అదే సర్దుకుందట.

అమ్మా,

మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పనిదే తక్కినవి మీ చెవికెక్కవు, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ అమ్మాయికి వచ్చినదాన్ని పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారు, డాక్టర్లు ఎక్లాంప్సియా అంటారు. గర్భం కారణంగా పెరిగిన బీపీ మెదడు మీద దెబ్బకొట్టినప్పుడు వచ్చే ఫిట్స్ ఇవి. బిడ్డ పుడితే ఆ బీపీ దానంతటదే దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కాన్పు తర్వాత మూడో రోజుకూ ఆరో రోజుకూ మధ్య అది మళ్ళీ పైకెక్కుతుంది, ఎందుకంటే గర్భకాలంలో ఒంట్లో నిలిచిన నీరు తిరిగి రక్తంలోకి చేరే రోజులవి. పూర్తిగా భయం తీరాలంటే ఆరు వారాలు గడవాలి. విడవని తలనొప్పి, కళ్ళు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, వాంతులు దానికి ముందస్తు గుర్తులు. వాటిలో రెండు మీ అమ్మాయికి ఆరో రోజు సాయంత్రమే కనిపించాయి.

తల్లుల మరణాలు ఎందుకు జరుగుతున్నాయో పరిశీలించి, 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు ఆలస్యాల గురించి రాశారు. ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఒకటి, దారిలో ఒకటి, చేరాక వైద్యం అందడంలో ఒకటి. మీరు మూడేళ్ళుగా గుండెల మీద మోస్తున్నది మొదటిది. ఆ మూడు గంటలు మీ ఇంట్లో గడిచినవే, కాదని నేను చెప్పను. అబద్ధపు ఓదార్పుతో ఈ రెండో కాన్పు గట్టెక్కదు. అయితే ఆ మూడు గంటలకు వెనక ఇంకో తప్పు ఉంది. తొమ్మిదో నెలలో బీపీ పెరిగిన మనిషిని మూడో రోజున ఇంటికి పంపేటప్పుడు, వారంలోగా మళ్ళీ బీపీ చూపించమనీ, తలనొప్పి వస్తే వెంటనే రమ్మనీ ఒక్క మాట చెప్పి ఉండవలసింది. తలకు గుడ్డ కట్టడం మీకు మీ అమ్మ నేర్పింది. బీపీ సంగతి నేర్పవలసినవాళ్ళు నేర్పలేదు. ముప్పై ఏళ్ళు ప్రసూతి వార్డులో నర్సుగా చేసినదాన్ని; నా చేతుల మీదుగా ఇంటికి వెళ్ళిన బాలింతల్లో ఎందరికి ఆ మాట చెప్పానో తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. మా దృష్టంతా కాన్పు మీదే ఉండేది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, అది చిన్న విషయం కాదు. కాని ఆసుపత్రి గేటు దాటి ఇంటికొచ్చాక గడిచే ఆ మొదటి పదిరోజులు ఎవరి లెక్కలోనూ సరిగా పడటం లేదు.

అందుకే మీ రెండు కుటుంబాల తగవు నాకు వేరే రకంగా కనిపిస్తోంది. మీరూ వియ్యపురాలూ కాన్పు ఎవరింట్లో అని పట్టుబడుతున్నారు. క్రితంసారి కాన్పు రోజు ఏమీ కాలేదు. ప్రమాదం ఏడో రోజున వచ్చింది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. కాని మీ నుంచి దూరంగా ఉంచితే కోడలు క్షేమంగా ఉంటుందని ఆవిడ నిజంగా నమ్మితే, ఆ నిశ్చింతే నాకు భయం. రెండుసార్లే పరీక్ష, మానేసిన మాత్రలు చూస్తే ఆ నిశ్చింత ఇప్పటికే మొదలైందనిపిస్తోంది.

ఇల్లు సంగతి తేలేదాకా ఆగకూడని పనులు కొన్ని ఉన్నాయి, ముందు వాటిని చెప్పనివ్వండి. తొలి కాన్పులో గుర్రపువాతం వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ రాదు, కాని ఎప్పుడూ రానివారికంటే ముప్పు ఎక్కువ. అందుచేత మీ అమ్మాయిని ప్రమాదం ఎక్కువగా ఉన్న గర్భిణుల్లో ఒకరిగా నమోదు చేయించాలి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల దాటిన గర్భిణులకు డాక్టరు స్వయంగా ఉచితంగా పరీక్ష చేసే ఏర్పాటు ఉంది. ఇలాంటివారి తల్లీబిడ్డల కార్డు మీద ఎర్ర గుర్తు అంటిస్తారు. ఆ గుర్తు ఉంటే ఏ రాత్రి ఏ ఆసుపత్రికి వెళ్ళినా చూసేవారు జాగ్రత్తపడతారు. ఇకనుంచి కనీసం పదిహేను రోజులకొకసారి, చివరి నెలలో వారం వారం బీపీ, మూత్రపరీక్ష చేయించాలి. ఈ జబ్బు రాకుండా నాలుగో నెల ప్రాంతంలోనే డాక్టర్లు మొదలుపెట్టే చిన్న మోతాదు ఆస్పిరిన్ ఒకటుంది. ఏడో నెలలో ఎవరో చెప్పారని మందులషాపులో కొని వేయకండి, ఆ మాట డాక్టరే చెప్పాలి. రోజుకు రెండు కాల్షియం మాత్రలు మాత్రం అమ్మాయికి ఇచ్చే ఉంటారు, వాటిని మానకూడదు.

రక్తం సంగతి. ఏడు నుంచి పది గ్రాముల లోపు ఉంటే మధ్యస్థ రక్తహీనత అంటారు, రోజుకు రెండు ఐరన్ మాత్రలు ఇస్తారు. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేసినప్పుడు కనీసం ఒక గ్రాము పెరగకపోతే నరంలోకి ఐరన్ ఎక్కిస్తారు, దానికి ఇప్పుడైతే ఇంకా వ్యవధి ఉంది. విరేచనం నల్లగా కావడం ఒంటికి పట్టకుండా మిగిలిన ఇనుము రంగు, అంతే. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది గాని మాత్ర నుంచి రాదు; ఈ మాట మీరు చెబితే వియ్యపురాలు వినరు, ఆ ఊరి ఆశా కార్యకర్త చేత గాని ఏఎన్ఎమ్ చేత గాని చెప్పించండి. ఐరన్‌ను కాల్షియంతోనూ పాలతోనూ టీతోనూ కలిపి వేస్తే ఒంటికి పట్టదు, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి. నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే మేలు. కాన్పులో ఆరోగ్యవంతురాలు తట్టుకోగల రక్తస్రావం 8.6 ఉన్న మనిషిని పడగొట్టేస్తుంది, అందుకే ఇంత చెబుతున్నాను.

ఇక ఇల్లు. రెండో కాన్పు అత్తింట్లో జరగడం మన వైపు వింతేమీ కాదు, ఊరి మాటకు అంతకంటే జవాబు అక్కర్లేదు. మీరు పట్టుబట్టి తెచ్చుకున్నారనుకోండి, తిండికీ విశ్రాంతికీ మీ ఇంటిని మించినది ఉండదు, ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను. కాని ఆపరేషన్ చేసి, రక్తం ఎక్కించి, బిడ్డకు ఇబ్బందైతే పసిబిడ్డల ప్రత్యేక వార్డులో పెట్టగల చోటు మీకు గంటల దూరంలో ఉంది. ఉదయగిరి ఆసుపత్రి మామూలు కాన్పుకు చాలు, ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి చాలదు. ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. అమ్మాయి పేరు ఇందుకూరుపేట వైపు ఆశా కార్యకర్త జాబితాలో ఉంటుంది. పుట్టింటికి వచ్చిన గర్భిణి ఆ ఊరి లెక్కలో నుంచి జారిపోతుంది, ఈ ఊరి లెక్కలోకి వెంటనే రాదు. మన పురుటి ఆనవాయితీ ఎంత ప్రేమతో పుట్టినదైనా, సరిగ్గా చూడవలసిన నెలల్లోనే గర్భిణిని చూసేవాళ్ళ కళ్ళ నుంచి తప్పిస్తోంది.

అలాగని అంతా అత్తింటివారికే వదిలేస్తే? అక్కడి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రి దగ్గర, దారిలో ఆలస్యం ఉండదు. కాని అర్ధరాత్రి అల్లుడు గుంట దగ్గర ఉండి, అమ్మాయి నోరు మెదపక, అత్తగారు తెల్లారనిద్దామంటే, ఆసుపత్రి పక్కవీధిలో ఉన్నా లాభం లేదు. మీ ఇంట్లో జరిగిన ఆలస్యమే వాళ్ళింట్లోనూ జరుగుతుంది. కాబట్టి అక్కడ ఉంచేటట్లయితే, మామగారి అనుమతి కోసం చూడకుండా 108కి ఫోను చేసే మనిషి ఎవరో ముందే తేల్చుకోవాలి. ఆ మనిషి అమ్మాయి తనే అయితే మరీ మంచిది, ఆ మాట అందరి ఎదుటా చెప్పాలి.

నా మనసు మొగ్గుతున్నది మధ్యదారి వైపు. కాన్పు నెల్లూరులో అవుతుంది, తొమ్మిదో నెల మధ్య నుంచి మీరే వియ్యపురాలి ఇంటికి వెళ్ళి ఉంటారు. కాన్పయ్యాక రెండు వారాలు గడిచి, బీపీ నిలకడగా ఉండి, డాక్టరు సరేనన్నాక తల్లినీ బిడ్డనూ మీ ఊరికి తెచ్చుకుని ఇరవై ఒకటో రోజు మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. కార్డు వెంట తెచ్చుకుని, రాగానే మీ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పాలి. దీని ఖరీదు తక్కువేమీ కాదు. గేదెలను ఎవరికో అప్పగించాలి, మిమ్మల్ని నమ్మేది లేదన్నవాళ్ళ వంటింట్లో నెల రోజులు మాటపడుతూ ఉండాలి. అది మీకు మరీ భారమైతే నెల్లూరులో చుట్టాల ఇల్లో అద్దెగదో ఉంటుంది గాని, అప్పుడు రెండు కుటుంబాల్లో ఎవరూ ఇది మా పూచీ అనుకోరేమోనని నా అనుమానం.

ప్రభుత్వ ఆసుపత్రిలో 2011 నుంచి కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రానుపోను వాహనం, జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం అన్నీ ఉచితం. ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వస్తుంది. అత్తింటివారు ప్రైవేటుకే వెళ్తామంటే, గోడలకు వేసిన రంగులు చూడకుండా మూడు సంగతులు అడగమనండి: రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టరు దొరుకుతారా, రక్తం ఎంతసేపట్లో వస్తుంది, ఫిట్స్ వస్తే ఇక్కడే చూస్తారా, ఇంకెక్కడికైనా పంపుతారా. ఎక్కడికి వెళ్ళినా పాత ఫిట్స్ సంగతి మొదటే చెప్పాలి. రక్తస్రావం ఆపడానికి వాడే ఇంజెక్షన్లలో ఒకటి బీపీ ఉన్నవారికి ఇవ్వకూడదు కూడా.

కాన్పయిన తర్వాత మామూలుగా నలభై ఎనిమిది గంటలు ఉంచుతారు. మీ అమ్మాయి విషయంలో డెబ్భై రెండు గంటలు ఉంచమని అడగండి, పదో రోజులోగా ఒకసారి డాక్టరుకు చూపించండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఆవిడ చూపు ఎక్కువగా బిడ్డ మీదే ఉంటుంది కాబట్టి, బీపీ చూడమని ఏఎన్ఎమ్‌ను విడిగా అడగాలి. వీలైతే మోచేతి పైన పట్టీ కట్టే బీపీ మిషన్ ఒకటి కొనండి, మొదటి పదిరోజులు పొద్దునా సాయంత్రం చూసి కాగితం మీద రాయండి. 140/90 దాటితే ఆ రోజే డాక్టరు దగ్గరకు, 160/110 చేరితే తలనొప్పి లేకపోయినా 108కి. ఫిట్స్ వస్తే ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టండి; నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్ళు పొయ్యకండి, తాళాలు అక్కర్లేదు. ఆసుపత్రిలో ఎదురొచ్చిన మొదటి నర్సుతోనే "బాలింత, కాన్పయి ఇన్ని రోజులైంది" అని చెప్పండి. అది చెబితే వాళ్ళు మామూలు ఫిట్స్ మందు జోలికి పోకుండా మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపగలుగుతారు. ఈసారి బిడ్డ తల్లి వెంటే వెళ్ళాలి. ఆ మందు నడుస్తున్నా చనుబాలు ఇవ్వచ్చు.

పథ్యంలో వెల్లుల్లి కారం, మునగాకు, నెయ్యి వేసిన వేడన్నం నిక్షేపంగా పెట్టండి. నీళ్ళు మాత్రం దాహమైనన్ని ఇవ్వండి. మూసిన గదిలో నిప్పుల పొగ తల్లికీ బిడ్డకీ చెరుపు. బిడ్డకు గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు చనుబాలు తప్ప తేనె, ఆముదం, పంచదార నీళ్ళు ఏవీ వద్దు. బొడ్డుకు ఏమీ రాయవద్దు. రెండున్నర కిలోల లోపు పుడితే బట్టలు లేకుండా తల్లి రొమ్ముకు ఆనించి పెట్టుకోవడమే గొప్ప వైద్యం, ఆ పని అమ్మమ్మా నాయనమ్మా కూడా చెయ్యచ్చు. పాలు తాగడం మానినా, ఒళ్ళు చల్లబడినా కాలినా, డొక్కలెగరేస్తున్నా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా ఇంట్లో చూద్దామని ఆగవద్దు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటి మిగిలింది. బిడ్డను ఎత్తుకోకుండా గోడవైపు చూస్తూ నెలల తరబడి పడుకోవడం బద్ధకం కాదమ్మా. కాన్పు తర్వాత కుంగుబాటు కూడా జబ్బే, చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషికి రావడంలో ఆశ్చర్యం లేదు. ఈసారి అది కనిపిస్తే డాక్టరుకు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడే సలహాదారులు ఉంటారు. నాలుగు పేజీల మీ ఉత్తరంలో మీ భయం ఉంది, వియ్యపురాలి కోపం ఉంది, ఊరి మాట ఉంది. అమ్మాయికి ఏం కావాలో మాత్రం లేదు. అల్లుడు పనికి వెళ్ళిన వేళ చూసి ఫోను చేసి, ఎక్కడ ఉంటే నీకు ధైర్యంగా ఉంటుందని అడగండి. ఆమె చెప్పే జవాబు నా మధ్యదారికి అడ్డం వస్తే, నా మాట పక్కన పెట్టి ఆమె మాటను డాక్టరు ముందు ఉంచండి. మూడో బిడ్డ వద్దనుకుంటోందో, ఎడం కావాలనుకుంటోందో కూడా అప్పుడే అడగండి.

వియ్యపురాలితో మాట్లాడటానికి పెద్దమనుషులను పంపకండి, మీరే వెళ్ళండి. "వదినా, ఆ రోజు నేను ఆలస్యం చేశాను. అది జబ్బని నాకు తెలియదు. మళ్ళీ రావచ్చట, కాన్పయిన వారంలో రావచ్చట. నన్ను మీ ఇంట్లో ఉండనివ్వండి, ఇద్దరం కలిసి కనిపెట్టుకుందాం" అనండి. ఒకసారికే ఆవిడ మెత్తబడకపోవచ్చు. వెళ్ళేటప్పుడు ట్రంకుపెట్టెలోని కాగితాలు తీసుకెళ్ళండి. మీరు చదవక్కర్లేదు, అమ్మాయి కార్డులో పెట్టి 9వ తేదీన డాక్టరు చేతికి ఇప్పించండి. క్రితంసారి బీపీ ఎంతదాకా పోయిందో, ఏ మందుకు దిగిందో వాటిలోనే రాసి ఉంటుంది.